రోగం కాని దానికి ఆపరేషన్

నా ఎడమ రొమ్ము పెరగలేదు. ఈ ఒక్క మాట కాగితం మీద రాయడానికి నాకు ఇరవై ఏండ్లకు పైనే పట్టింది.

పద్నాలుగేండ్లప్పుడు గద్వాల దగ్గర మా ఊర్ల పత్తి విత్తనం చేన్లకు క్రాసింగ్ పనికి పోతుంటిని. మొగ పువ్వు పుప్పొడి తెచ్చి ఆడ పువ్వులకు ఒక్కొక్కదానికి రుద్దాలె. పొద్దుగాల పోతే చెట్ల మీది మంచుకు పైన బట్టలన్నీ తడిసి ఒంటికి అంటుకునేవి. అట్ల తడిసిన నా జాకెట్‌ను చూసి, పక్క సాలుల ఉన్న ఒక పెద్దామె మా అమ్మను దూరం పిలిచి ఏదో చెప్పింది. అమ్మ తిరిగి వచ్చి, తన తలకు చుట్టుకున్న తువ్వాల తీసి నా భుజాల మీద వేసింది. ఎందుకని నేను అడగలే. నాకు అప్పటికే తెలుసు.

అమ్మ ఒకరోజు కూలి మానుకొని నన్ను గద్వాల లేడీ డాక్టర్ దగ్గరికి తీసుకపోయింది. ఆమె చూసి, స్కానింగ్ తీపిచ్చి, "రోగం కాదమ్మా. కొందరికి ఒక పక్క పెరగదు. ప్రాణానికేం భయం లేదు" అన్నది. అమ్మ రెండు చేతులు జోడించింది. బస్టాండు దాక నడుస్తుంటే, "రోగం కాదంట బిడ్డా, ఇగ ఫికర్ లేదు" అని నాలుగుసార్లు అన్నది. ఇంటికి వచ్చి పాత నూలు చీర చింపి, మడతలు మడతలు పెట్టి, నా జాకెట్లకు ఎడమ దిక్కు లోపల కుట్టింది. నేను పెరిగినకొద్దీ ఒక మడత ఎక్కువ కుట్టేది. ఆ సంగతి మీద అమ్మకూ నాకూ మధ్య మాటలు గవే, పెండ్లి దాక మళ్ల రాలే.

రోగమైతే నలుగురికి చెప్పుకోవచ్చు. రోగం కానిదాన్ని ఏం చేయాల్నో ఎవరూ చెప్పలే.

పెండ్లి వనపర్తిల అయింది. మా ఆయనది మోటార్లకు వైండింగ్ చేసే దుకాణం. మంచోడే. ముందుగాల చెప్పొద్దని అమ్మ అన్నది, నేను చెప్పలే. తర్వాత ఆయనకు తెలిసింది, ఆయన గూడ ఏం అనలే. ఆ రోజూ అనలే, ఏడాది తర్వాతా అనలే. నా ఎడమ పక్క ఆయనకు కనపడనట్టే ఉండేవాడు. మొదట్ల అది దయ అనుకున్న. కొన్నేండ్లకు ఆ దయే నాకు బరువైంది. ఒక్కసారన్న "ఇదేంది, గిట్లెందుకుంది" అని అడిగి ఉంటే, నేను కూడా ఒక్కసారి ఏడ్చి ఊకుందును.

బిడ్డ పుట్టినప్పుడు కుడి పక్కతోనే పాలిచ్చిన. "ఒక్కటే సరిపోతది, పరేషాన్ కాకు" అని దవాఖాన నర్సమ్మ అన్నది. నిజంగనే సరిపోయింది, బిడ్డ బాగనే పెరిగింది. కాని పాలు మాన్పించినంక కుడి పక్క జారింది. రెండిటికీ తేడా ఇంకా ఎక్కువైంది. ఇప్పుడు జాకెట్ల ఎన్ని మడతలు పెట్టినా సమానం కాలే.

అప్పటికి నేను బస్సు కండక్టర్‌ను. గద్వాల, కొల్లాపూర్, నాగర్‌కర్నూల్, ఎటు వేస్తే అటు పోత. తోలు బ్యాగు పట్టీ ఛాతీ మీదికెళ్లి అడ్డంగ ఉంటది. టికెట్ మిషన్ చేతిల. ఆడోళ్లకు ఉచితం వచ్చినంక బస్సుల కాలు పెట్టే జాగ ఉండదు. అయినా ప్రతి ఒక్కరికీ జీరో టికెట్ కొట్టియ్యాలె. మోచేతులు, గంపలు, సంకల పిల్లలు, వాటి నడుమకెళ్లి ఒరుసుకుంట ముందుకు పోవాలె. రోజుకు ఎన్నిసార్లు బాత్‌రూంలకు పోయి ఆ గుడ్డను సరిచేసుకున్ననో లెక్క లేదు.

మామిడికాయల కాలంల ఒకనాడు కొల్లాపూర్ బస్సు. పానగల్ దాటినం. నేను ఫుట్‌బోర్డు దగ్గర నిలబడి టికెట్లు కొడుతున్న. ఆ పొద్దు కుట్టు ఊడిపోయిందో ఏందో, చెమటకు నానిన ఆ గుడ్డ జారి, జాకెట్ కిందికెళ్లి బయటపడి మెట్ల మీద పడ్డది. ఒక పెద్దమనిషి వంగి తీసి, "కండక్టరమ్మా, నీదేదో పడ్డది" అని చేయి చాపిండు. గుండ్రంగ, చెమట మరకలతోని, దారాలు లేసి ఉంది. ఆయనకు అదేందో తెల్వదు. ముందు సీట్ల కూర్చున్న ఇద్దరు కాలేజీ పిల్లలకు తెలిసింది. నా ఛాతీ దిక్కు చూసి, గభాలున కిటికీ దిక్కు తిరిగిండ్రు. వాళ్లు నవ్వినా నేను తట్టుకుందును. నవ్వలే. జాలిపడ్డరు.

దాన్ని చిల్లర పైసలున్న బ్యాగుల వేసుకున్న. కొల్లాపూర్ దాక టికెట్ మిషన్‌ను ఛాతీకి అడ్డం పట్టుకొనే నిలబడ్డ.

నెల తిరగకముందే హైదరాబాద్ పోయిన. ఫోన్ల వీడియోలు చూసి చూసి, రొమ్ము సరిచేసే ఒక దవాఖాన పేరు పట్టుకున్న. మా ఆయనకు చెప్తే, "నీ ఇష్టం" అన్నడు. "నీకు ఎట్ల అనిపిస్తది?" అని అడిగిన. "నాకేం అడ్డం లేదు" అన్నడు, మోటారు మీదికెళ్లి తల ఎత్తకుండ.

అక్కడి డాక్టర్ సార్ అబద్ధం ఏం చెప్పలే. ఇది మాత్రం న్యాయంగ రాయాలె. రొమ్ముల పెట్టే సిలికాన్ సంచులు చేతికిచ్చి పట్టుకొని చూడమన్నడు. చల్లగ, మెత్తగ, కొంచెం జిగటగ ఉన్నయి. "నీకు ఎడమ పక్క చర్మం బిగుతుగ ఉంది. ముందు ఒక ఖాళీ సంచి పెట్టి, వారం వారం కొన్ని ఉప్పునీళ్లు ఎక్కించి చర్మాన్ని సాగదీసి, తర్వాత అసలుది పెడితే మంచిది. రెండు ఆపరేషన్లు అయితయి" అన్నడు. రెండుసార్లు సెలవు నాకు ఎవరిస్తరు? "ఒక్కసారే అయ్యేటట్టు చేయుండ్రి సార్" అన్న. చిన్న సైజుది పెడితే చేయొచ్చన్నడు. "ఇది జీవితాంతం ఉండేది కాదమ్మా. పదేండ్లకో పదిహేనేండ్లకో, అంతకు ముందో మళ్ల తీయాల్సి రావొచ్చు. కొందరికి గట్టిపడతది. లోపల పగిలినా బయటికి తెల్వకపోవచ్చు, అందుకే అప్పుడప్పుడు స్కానింగ్ చేపిచ్చుకోవాలె" అని కూడా చెప్పిండు. అవన్నీ ఇంగ్లీషుల ఉన్న కాగితాల మీద నాతోని సంతకాలు పెట్టిచ్చిండ్రు. నేను విన్న. కాని వేరేవాళ్ల సంగతి విన్నట్టు విన్న. నా చెవులకు ఎక్కిన మాట ఒక్కటే, రెండు పక్కలా దాదాపు సమానంగ కనపడతయని.

ఒక్క ప్రశ్న నేను అడగలే. ఇది తీసేయాల్సి వస్తే, తీసినంక నా ఛాతీ ఎట్లుంటది? ఆ ప్రశ్న నాకు తట్టనే లేదు. పెట్టిచ్చుకుందామని పోయినదానికి తీయడం ఎట్ల గుర్తొస్తది?

ఇంట్ల అత్తకు, డిపోల అందరికీ గడ్డ తీపిచ్చుకుంటున్న అని చెప్పిన. అందం కోసం రొమ్ము ఆపరేషన్ అంటే వనపర్తిల ఒక కండక్టరమ్మ బతుకు ఏమైతదో నాకెరుక. గడ్డ అంటే ఎవరూ నోరు తెరువరు. అందరూ పండ్లు పట్టుకొని వస్తరు.

ఆపరేషన్ అయిన ఎనిమిదో దినం ఒక అక్క ఇంటికి వచ్చింది. నాకంటె పదేండ్లు పెద్ద, మా డిపోలనే కండక్టర్. ఆమెకు అంతకు కొన్నేండ్ల ముందు క్యాన్సర్ వచ్చి ఒక రొమ్ము తీసేసిండ్రు. అందరికీ తెలుసు, ఎవరూ ఆ మాట ఎత్తరు. మళ్ల డ్యూటీ ఎక్కి, బ్యాగు వేసుకొని, ఎవరితోనీ ఎక్కువ మాట్లాడకుండ తన పని తాను చేసుకునేది. ఆమె దానిమ్మకాయలు తెచ్చి నా మంచం పక్కన పెట్టి, తలుపు దగ్గరికి వేసి వచ్చింది.

"చెల్లె, నీది నాకు చూపియ్యకు. నాదే నీకు చూపిస్త. భయపడకు" అని జాకెట్ గుండీలు విప్పింది.

చదునుగ ఉంది. సంక దాక పొడుగు గీత. దాని చుట్టు తోలు ముడుచుకపోయి ఉంది. ఆమె జాకెట్‌ల కూడ ఒక చేతిగుడ్డ మడిచి పెట్టి ఉంది.

"మా ఆయనకు గూడ ఇప్పటిదాక వెలుతుర్ల చూపియ్యలే" అన్నది. అని ఏడ్వడం మొదలుపెట్టింది. నోట్ల కొంగు కుక్కుకొని, భుజాలు అదురుకుంట ఏడ్చింది. ఆమె ఎవరి ముందరా ఏడ్వని మనిషి. నేను ఆమె చేయి పట్టుకున్న. నా ఛాతీ మీద కట్టు కింద కొత్త సంచి ఉబ్బి ఉంది.

"పరీక్షల నీ గడ్డ మంచిదే, క్యాన్సర్ కాదని వచ్చిందా?"

"మంచిదే అక్కా."

"ప్రభువుకు స్తోత్రం. మా చర్చిల రెండు ఆదివారాలు నీ పేరు మీద ప్రార్థన చేపిచ్చిన."

అప్పుడే చెప్పి ఉండాల్సింది. నోటి దాక వచ్చింది. కాని ఆమె ముఖంల అంత తేటదనం నేను ఎన్నడూ చూడలే. తనలాంటి మనిషి ఇంకొకతి దొరికిందన్న నెమ్మది అది. దాన్ని చెరపలేక మింగిన. నిజానికి నన్ను నేను కాపాడుకున్న, ఆమెను కాదు.

ఆ తర్వాత ఏడాదిన్నర నేను బతికిన బతుకు వేరు. గుడ్డ లేకుండ దుకాణంల కొన్న బ్రా వేసుకున్న. శ్రీరంగాపూర్ గుడికి పోయినప్పుడు చెరువు గట్టున మా ఆయన ఫోటో తీస్తుంటే చేతులు కట్టుకోకుండ నిలబడ్డ. అమ్మకు నిజం చెప్పిన. ఆమె చేతివేళ్ల వెనుక దిక్కుతోని, పసిబిడ్డ చెంపను ముట్టుకున్నట్టు ముట్టుకొని, "నీ సొంతదాని లెక్కనే ఉంది బిడ్డా" అన్నది. బస్సుల మనుషుల నడుమకెళ్లి పోతుంటే నా ఒంటి మీద నాకు ధ్యాస లేకుండె. దానికంటె పెద్ద సుఖం ఏముంటది? అందంగ ఉన్న అని కాదు, ఒంటిని మరిచిపోయిన. అంతే.

తర్వాత చలికాలంల ఒకనాడు స్నానం చేస్తుంటే ఎడమ పక్క చేతికి గట్టిగ తగిలింది. వారంల ఇంకా గట్టిపడ్డది. ఒక పక్క పండు, ఒక పక్క కాయ. అది మెల్లమెల్లగ పైకి జరిగి, మెడ ఎముక దిక్కు ఎక్కినట్టు కనపడింది. బ్యాగు పట్టీ తగిలితే సంక లోపలికెళ్లి సూది గుచ్చినట్టు. రద్దీల ఎవరన్న మోచేయి తాకిస్తే కండ్లల్ల నీళ్లు తిరిగేవి. ఎడమ పక్క పండుకోనీకె రాలే. వనపర్తి డాక్టరమ్మ చూసి, "దీన్ని నేను ముట్టుకోలేను. పెట్టినోళ్ల దగ్గరికే పో" అన్నది.

హైదరాబాద్ సార్‌కు ఫోన్ చేస్తే ఎమ్మారై స్కానింగ్ తీపిచ్చుకొని రమ్మన్నడు.

నేను నొప్పితోని డ్యూటీ చేస్తుంటే అక్క చూసింది. గద్వాల బస్టాండుల నా బ్యాగు తన భుజానికి వేసుకొని, "మళ్ల వచ్చిందా?" అని మెల్లగ అడిగింది. నేను నొప్పి ఉంది, స్కానింగ్ అన్నరు అన్న. "నేను వస్త. ఒక్కదానివే పోవద్దు. నేను పోయిన ఒక్కదాన్నే, అదెట్లుంటదో నాకెరుక." వద్దన్న. వినలే. సెలవు పెట్టింది. మా ఆయన కూడ, "అక్క వస్తుంది గద" అని దుకాణానికి పోయిండు.

హైదరాబాద్ల స్కానింగ్ గది బయట కుర్చీల్ల కూర్చున్నం. ఒంటి మీద లోహం ఉండొద్దంటే పుస్తెలతాడు, కమ్మలు తీసి అక్క చేతిల పెట్టిన. ఆమె వాటిని గట్టిగ పిడికిట్ల పట్టుకొని, కండ్లు మూసుకొని, పెదవులు కదిలిస్తుంది. ప్రార్థన చేస్తుంది. అప్పుడు తలుపు తెరిచి ఒకామె ఫారం పట్టుకొని వచ్చింది.

"మేడం, ఇంప్లాంట్ ఎప్పుడు పెట్టిచ్చుకున్నరు? సిలికానా, ఉప్పునీళ్లదా? ఆ కంపెనీ కార్డు తెచ్చిండ్రా?"

నేను ఆ ఫారం దిక్కే చూసుకుంట ఉన్న. ఆమె నాకు అర్థం కాలేదనుకొని ఇంకా గట్టిగ అడిగింది. "రొమ్ములు పెద్దగ కనపడడానికి పెట్టిచ్చుకుంటరు గద మేడం, ఆ సంచి. ఆపరేషన్ అయినప్పుడు నంబర్ రాసున్న కార్డు ఇస్తరు. అది కావాలె."

ఆ కార్డు లేదు. అత్త కంట పడుతదని దవాఖానల ఇచ్చిన కాగితాలన్నీ నేనే పొయ్యిల పెట్టి కాల్చిన. ఏ కంపెనీదో, ఏ రకందో, రేపు దానిల ఏదన్న లోపం బయటపడితే నాదీ అందుల ఉందో లేదో చెప్పే ఆధారం అదొక్కటే అని తర్వాత తెలిసింది.

అక్క కండ్లు తెరిచింది. నా దిక్కు చూడలే. పిడికిట్ల పుస్తెలతాడు అట్లనే ఉంది.

మిషన్ల బోర్లా పండుకొని ఉన్నంతసేపు నాకు పగిలిందా లేదా అన్న భయం లేదు. బయట ఆమె ఉంటదా పోతదా అన్నదొక్కటే.

ఉంది. నగలు నా చేతిల పెట్టింది. బస్సు ఎక్కినం. జడ్చర్లల బస్సు ఆగినప్పుడు అక్క కిటికీ దిక్కు చూసుకుంటనే అన్నది.

"గడ్డ లేకుండెనా అసలు?"

"లేకుండె అక్కా. నాకు పుట్టుకతోనే..." అని చెప్పబోయిన.

"సోకుకు చేపిచ్చుకున్నవా?"

"సోకు కాదక్కా."

"మరి రోగమా?"

ఆ రెండు మాటల నడుమ నాకు నిలబడే జాగ ఇప్పటికీ ఎక్కడా దొరకలే.

"సోకుకైనా నేను ఏమనకపోదును" అన్నది ఆమె.

సంచి పగిలిందని రిపోర్టుల వచ్చింది. జెల్ దాని చుట్టు ఉన్న పొర లోపలనే ఉందంట, ఒంట్లకు పోలేదంట. సార్ బొమ్మ గీసి చెప్పిండు. బయటి వస్తువు ఏది పెట్టినా శరీరం దాని చుట్టూ ఒక పొర కడుతది. అందరికీ కడుతది. కొందరికి ఆ పొర బిగుసుకొని సంచిని నలుపుతది. "నేను ఒక్క ఆపరేషన్‌ల కావాలన్నందుకా సార్? నెల కాకముందే బ్యాగు వేసుకున్నందుకా? రద్దీల దెబ్బ తగిలినందుకా?" అని అడిగిన. "ఇందుకే అని ఎవరూ గట్టిగ చెప్పలేరమ్మా" అన్నడు. అట్ల చెప్పకుంటే బాగుండు. ఒక కారణం దొరికితే దాన్ని తిట్టుకొని బతుకుదును.

మళ్ల కొత్తది పెట్టొచ్చన్నడు. మళ్ల గట్టిపడే అవకాశం ఉందని కూడా అన్నడు. లేకపోతే తొడలకెళ్లి కొవ్వు తీసి కొంచెం కొంచెం నింపొచ్చు, రెండుమూడు సార్లు అయితది అన్నడు. నేను తీసేయమన్న.

తీసినంక పదిరోజులకు అద్దంల చూసుకున్న. పెరగని రొమ్ము అయినా చిన్నప్పటి నుంచి దానిదొక ఆకారం ఉండె. ఇప్పుడు అదీ లేదు. సాగిన తోలు మడత పడి, దాని కింద ఎముకల నడుమ పల్లం పడ్డది. చేయి పైకెత్తితే ఆ పల్లం లోపలికి గుంజుకుంటది. పైన స్పర్శ లేదు. నీళ్లు పోసుకుంటే అక్కడ పడ్డట్టు తెల్వదు. అమ్మ చూసి బయటికి పోయి అరుగు మీద కూర్చుంది.

డ్యూటీ ఎక్కినంక అక్క నాతోని మాట్లాడలే. పోట్లాడలే, ఎవరికీ చెప్పలే. బస్టాండుల ఎదురైతే, ప్రయాణికులను చూసినట్టు చూసి పోయేది. కొన్ని నెలలకు నాగర్‌కర్నూల్ డిపోకు బదిలీ చేపిచ్చుకుంది. నా వల్లనే అని ఆమె అనలే. కాదని నేనెట్ల అనుకుంట?

ఒక ఆదివారం మధ్యాహ్నం, చర్చి నుంచి వచ్చే టైము చూసుకొని నాగర్‌కర్నూల్ల ఆమె ఇంటికి పోయిన. తలుపు తీసింది. కూర్చోమన్నది. నీళ్లిచ్చింది. నేను మొత్తం చెప్పిన. పత్తి చేను నుంచి పానగల్ బస్సు దాక, సంచి తీసినంక మిగిలింది దాక. మధ్యల ఒక్కసారి కూడ ఆపలే.

"క్షమించక్కా" అన్న.

"నాకు కోపం లేదు" అన్నది ఆమె. "నీకు నొప్పి ఉండె, నువ్వు చేపిచ్చుకున్నవు. నాకు నొప్పి ఉండె, నేను నీ ముందర విప్పిన. ఎవరి ముందరా ఏడ్వనిదాన్ని నీ ముందర ఏడ్చిన. అది నాకు వాపస్ ఇయ్యి చెల్లె. ఇయ్యగలవా?"

నేను నీళ్ల గ్లాసు కింద పెట్టిన.

"ఇయ్యలేవు గద" అన్నది మెల్లగ. గ్లాసు తీసుకొని లోపలికి పోయింది. గిన్నెలు కడుగుతున్న సప్పుడు వినపడింది. నేను లేచి, చెప్పులేసుకొని వచ్చిన.

ఇప్పటికీ వారంల రెండుసార్లు నా బస్సు నాగర్‌కర్నూల్ పోతది. మొన్న వాపస్ వస్తుంటే ఒక డిగ్రీ పిల్ల కిటికీ సీట్ల కూర్చొని ఫోన్ల అట్లాంటి వీడియోనే చూస్తుంది. తెల్లకోటు వేసుకున్న ఒకాయన చేతిల పారదర్శకంగ ఉన్న సంచి పట్టుకొని నవ్వుతున్నడు. నేను ఆమె సీటు దగ్గర నిలబడిపోయిన. అది ఎన్నేండ్లు ఉంటదో అడుగమని, తీసినంక ఎట్లుంటదో ఫోటోలు చూపియ్యమని అడుగమని, ఆ కార్డు మాత్రం కాల్చుకోవద్దని చెప్పాలనుకున్న. ఎవరికన్న ఒకరికి నిజం చెప్పే పెట్టిచ్చుకోమని చెప్పాలనుకున్న. వెనుక నుంచి ఎవరో "కండక్టరమ్మా, బిజినేపల్లి ఒకటి" అని అరిచిండ్రు. ఆ పిల్ల ఫోన్ బోర్లా పెట్టి నా దిక్కు చూసింది.

"ఎక్కడికి?" అన్న.

"వనపర్తి."

జీరో టికెట్ కొట్టి ఆమె చేతిల పెట్టి, వెనుకకు పోయిన.